చోటు లేని కంప్యూటర్‌లో పెద్దపులి

ఆళ్లగడ్డలో అడివి ఆఫీసు ఎక్కడని అడిగితే ఎవరైనా దారి చూపిస్తారు. ఆ ఆఫీసు వెనక గదిలో కూర్చునే కీర్తన ఏం పని చేస్తుందని అడిగితే మాత్రం వాళ్ల ఇంటి పక్కవాళ్లు కూడా సరిగా చెప్పలేరు. "ఏదో కంప్యూటర్ పనంటప్పా" అనేస్తారు.

ఆ అమ్మాయి పని అడివిని చూడటం. నల్లమలలో జంతువులు నడిచే బాటల పక్కన చెట్లకు కెమెరాలు కట్టి ఉంటాయి. ముందు ఏది కదిలినా అవి వాటంతట అవే ఫోటో తీసుకుంటాయి. ఆ మెమరీ కార్డులు ఆఫీసుకు చేరాక ఒక్కో ఫోటోనూ తెరిచి, అందులో ఏముందో గుర్తుపట్టి, పేరు రాసి పెట్టేది కీర్తన. దుప్పి, కణితి అనే పెద్ద జింక, ఎలుగుబంటి, ఏదుపంది, కొండముచ్చు. ఏమీ లేని ఫోటోలే ఎక్కువ. గాలికి ఊగిన కొమ్మ, ఎండకు మెరిసిన గడ్డి, బాట తప్పి వచ్చిన ఆవు. నంద్యాలలో డిగ్రీ చదివిన పిల్ల, ఈ ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ ఖాళీ ఫోటోలు చూసి విసుక్కునేది. తర్వాత్తర్వాత వాటిని కూడా ఇష్టంగా చూడటం మొదలుపెట్టింది. మనిషి లేనప్పుడు అడివి ఎట్లా ఉంటుందో ఆ ఫోటోల్లోనే తెలిసిందని అంటుంది.

ఆ ఫోటోల్లో అప్పుడప్పుడూ వాళ్ల నాయన కూడా కనపడతాడు.

నాయన పేరు యెషయా. అడివి లోపల బేస్ క్యాంపులో వాచర్. రుద్రవరం దారిలో ఒక పల్లె వాళ్లది. పెళ్లి కాకముందు నుంచీ ఆయనది అడివి కొలువే. నెలలో ఎక్కువ రోజులు క్యాంపులోనే ఉంటాడు. గస్తీ తిరుగుతాడు, మంటలు ఆర్పుతాడు, ఉచ్చులు కనపడితే పీకేస్తాడు, కెమెరాలకు బ్యాటరీలు మారుస్తాడు. ఇన్నేళ్లలో ఆయన పులి అడుగు చూశాడు, పులి గీరిన మానును చూశాడు, పులి తిని వదిలేసిన కణితిని చూశాడు. పులిని మాత్రం చూడలేదు. ఊళ్లో దానికి ఆయన్ని ఆట పట్టించేవాళ్లు. "ఏం యెషయన్నా, అడివిలో పులుందా, లేక గవర్నమెంటు వాళ్లు చెప్తాంటే నువ్వూ చెప్తాండావా?" అని. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. ఆదివారం చర్చికి వస్తే వెనక వరసలో కూర్చుని, అందరికంటే ముందే లేచి వెళ్లిపోయే మనిషి. మాట తక్కువ.

నిరుడు ఎండాకాలంలో పులుల లెక్క జరిగింది. కార్డులు కట్టలు కట్టలుగా వచ్చి పడ్డాయి. కీర్తన పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా లేచేది కాదు. ఫోటోలన్నీ వర్గాలుగా చేసి నంద్యాలలో ఉన్న పెద్దాఫీసుకు పంపాలి. అక్కడ శేషాద్రి అనే జీవశాస్త్రవేత్త వాటిని పరిశీలించి, ఏ పులి ఏదో తేలుస్తాడు.

ఆఖరి కార్డు ఎక్కిస్తుండగా, సగంలో కంప్యూటర్ ఆగిపోయింది. డిస్కులో చోటు లేదని తెర మీద ఒక చిన్న డబ్బా వచ్చింది. కీర్తన సి డ్రైవ్ తెరిచి చూసింది. నీలం రంగులో ఉండాల్సిన గీత ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎర్రగా నిండిపోయి ఉంది.

రేంజ్ ఆఫీసర్ విష్ణుప్రియ వచ్చి వెనక నిలబడింది. అహోబిలంలో వేదం చెప్పే ఇంటి పిల్ల. బంధువులంతా గుడి కైంకర్యాల్లో ఉంటే తను పరీక్షలు రాసి అడివి శాఖలోకి వచ్చింది. కీర్తన కంటే నాలుగైదేళ్లు పెద్దది, అంతే.

"ఏమైంది కీర్తనా?"

"నిండిపోయింది మేడమ్. ఇంక పట్టదంటాంది."

"రేపు నంద్యాలకు తీసుకుపోవాలి కదమ్మా. ఖాళీ ఫోటోలున్నాయి కదా, ఆకులవీ గడ్డివీ. అవి తీసేద్దామా?"

కీర్తన మౌస్ మీంచి చెయ్యి తీసేసింది. "ఖాళీ అనుకున్నవి కూడా ఉంచమన్నారు మేడమ్, శేషాద్రి సారు. కెమెరా ఆ రోజు పని చేసిందా లేదా అనేది వాటిని చూసే తెలుస్తాదంట."

"అవును, నేనే మర్చిపోయినా" అంది విష్ణుప్రియ. "మరేం చేద్దాం?"

"నంద్యాలలో మా క్లాసు పిల్లోడున్నాడు, పవన్ అని. సంజీవనగర్‌లో కంప్యూటర్లు బాగు చేస్తాడు. అడిగి చూస్తా మేడమ్."

పవన్ ఫోన్ ఎత్తేసరికి వెనకాల ఏదో స్క్రూ బిగిస్తున్న చప్పుడు వినిపిస్తోంది. సంగతంతా విని, "ఫోటోలు ఏవీ ముట్టుకోవద్దు" అన్నాడు మొట్టమొదట. "విండోస్ అనే ఫోల్డర్ ఉంటాది చూడు, దాంట్లోకి పోయి ఒక్కటి కూడా చేత్తో తీయొద్దు. దాన్ని కెలికితే మళ్లీ మెషీన్ లేయదు. ముందు తెరిచినవన్నీ మూసేసి ఒకసారి రీస్టార్ట్ చెయ్. ఫోటోలు చూసే సాఫ్ట్‌వేర్ నడుస్తాంటే అది పట్టుకున్న ఫైళ్లు పోవు."

కీర్తన అట్లాగే చేసింది. మెషీన్ మళ్లీ లేచాక పవన్ చెప్పినట్టే సెట్టింగ్స్‌లోకి పోయి, సిస్టమ్ నొక్కి, స్టోరేజ్ తెరిచింది. అది లెక్క వేసుకోవడానికి చాలాసేపు పట్టింది. తెర మీద గీతలు ఒక్కొక్కటే పొడుగవుతూ వచ్చాయి. అన్నిటికంటే పొడుగు గీత పక్కన టెంపరరీ ఫైల్స్ అని ఉంది. డిస్కులో సగానికి దగ్గర అవే.

"పవన్, ఇదంతా యాడిది? నేనేమీ పెట్టలేదే!"

"నువ్వు పెట్టలేదు, అదే పెట్టుకుంది" అన్నాడు పవన్. "నువ్వు ఒక ఫోటో తెరిస్తే చాలు, నీకు తొందరగా చూపియ్యాలని దానికొక చిన్న నకలు చేసి పక్కన పెట్టుకుంటాది. నువ్వు పేరు రాస్తాంటే ఇంకో నకలు. పనైపోయి సరిగా మూస్తే అదే తీసేసుకుంటాది. మీ ఆళ్లగడ్డలో కరెంటు పోతాంటాది కదా? మధ్యలో ఆగిపోతే అవన్నీ ఆన్నే ఉండిపోతాయి. ఎవరూ అడగరు, ఎవరికీ కనపడవు."

కీర్తన ఆ అంకె వైపే చూస్తూ ఉండిపోయింది. ఈ గదిలో తను చూసిన ప్రతి కణితికీ, ప్రతి ఆకుకూ ఈ మెషీన్ తనకు తెలియకుండా ఒక జాడ ఉంచుకుంటూ వచ్చింది. లక్షల జాడలు. రోజూ పొద్దున దుమ్ము తుడిచి ఆన్ చేసే ఈ డబ్బా లోపల ఇంత జరుగుతోందని ఏనాడూ అనుకోలేదు. ఆ క్షణం ఎట్లా ఉందో తర్వాత చెప్పింది. భయం కాదంట, ఒక పెద్ద కొండ అంచున నిలబడి కిందికి చూసినట్టు.

"టెంపరరీ ఫైల్స్ మీద నొక్కు" అన్నాడు పవన్. "జాబితా వస్తాది. పక్కన టిక్కులు పెట్టుకోవాలి. కింద తీసేయమనే బటన్ ఉంటాది. ఒక్క మాట చెప్తా విను. టిక్కు పెట్టేముందు ఒక్కొక్కటీ చదువు. పైన టెంపరరీ అని రాసినంత మాత్రాన కింద ఉండేదంతా చెత్త కాదు. నాకు ఈడ ఒకాయన వచ్చినాడు, ఉంటా. సందేహమొస్తే మళ్లీ చెయ్."

ఫోన్ పెట్టేశాడు.

కీర్తన వరసగా చూసుకుంటూ వచ్చింది. టెంపరరీ ఫైల్స్, టిక్కు. థంబ్‌నెయిల్స్, టిక్కు. పాత అప్‌డేట్ల మిగుళ్లు, టిక్కు. రీసైకిల్ బిన్, టిక్కు. డౌన్‌లోడ్స్, టిక్కు. పైన మొత్తం పెరుగుతూ పోతుంటే ఉత్సాహం వచ్చింది. మౌస్ బటన్ మీదికి పోయింది.

అక్కడ వేలు ఆగింది. చదవమన్నాడు కదా అని మళ్లీ మొదటి నుంచి చదివింది. రీసైకిల్ బిన్ దగ్గర ఆగి, అది తెరిచి చూసింది. పాత జీతాల కాగితాల నకళ్లు, రెండుసార్లు ఎక్కిన ఫోటోలు. ఫర్వాలేదు. డౌన్‌లోడ్స్ దగ్గర మళ్లీ ఆగింది. ఇంటర్నెట్ నుంచి దించుకున్నవన్నీ దాంట్లో పడతాయి. టిక్కు తీసేసి, ఆ ఫోల్డర్ తెరిచింది.

సర్క్యులర్లు, ఫారాలు, ఎవరో పంపిన పండగ శుభాకాంక్షలు. వాటి అడుగున ఒక పెద్ద జిప్ ఫైలు. దాని పేరు చదివి కీర్తన కుర్చీలో నిటారుగా అయింది.

"మేడమ్! వెదురువంక ఫోటోలు మీరు పంపింటిరి కదా, లింకు పెట్టి. అవి యాడున్నాయి?"

విష్ణుప్రియ తలుపు దగ్గరికి వచ్చింది. "నీకు పంపినా కదమ్మా. నేను డ్యూటీ మీద బయట ఉన్నప్పుడు. నువ్వు దించుకున్నానని మెసేజ్ పెడితే, నా లాప్‌టాప్‌లో చోటు లేదని తీసేసినా."

"కార్డు?"

"కార్డు చెరిపేసి మళ్లీ అడివిలో పెట్టేసినారు."

కీర్తనకు అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు దించుకుంటుండగానే కరెంటు పోయింది. వచ్చాక మళ్లీ దించింది. వేరే ఫోల్డర్‌లోకి మార్చాలనుకుని, ఇంకో పనిలో పడి మర్చిపోయింది. వెదురువంక బాట మీద కెమెరా చూసినదంతా లోకంలో ఇప్పుడు ఒకే చోట ఉంది. ఆ డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో. ఒక్క నిమిషం కింద దాని పక్కన టిక్కు ఉండింది.

కీర్తన హ్యాండ్‌బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ తీసింది. చర్చిలో పాడే పాటలు వేసుకున్నది. దాంట్లో ఇంకా బోలెడంత చోటు ఉంది. జిప్ ఫైలును దాంట్లోకి ఎక్కించింది. అది ఎక్కేదాకా ఇద్దరూ అక్కడే నిలబడ్డారు. ఎక్కాక, అది సరిగా తెరుచుకుంటుందో లేదో పెన్‌డ్రైవ్‌లోనే చూసుకుంది. తెరుచుకుంది. అప్పుడు మళ్లీ జాబితాకు వచ్చి, డౌన్‌లోడ్స్ దగ్గర టిక్కు లేదని వేలు పెట్టి మరీ చూసుకుని, బటన్ నొక్కింది.

మొదట ఏమీ కదల్లేదు. మెషీన్ లోపల ఫ్యాను గట్టిగా తిరగడం మొదలుపెట్టింది. తర్వాత ఆ ఎర్రగీత కురచైంది. ఇంకాసేపటికి రంగు మారి నీలంగా అయింది. బోరుబావిలో కొత్తగా నీళ్లు పడితే చుట్టూ జనం చూసినట్టు విష్ణుప్రియ, కీర్తన, అటు పోతున్న అటెండరు శివమ్మ, ముగ్గురూ ఆ గీతనే చూశారు.

"ఏందిమ్మా అది, అట్లా చూస్తాండారు?" అంది శివమ్మ.

"చోటు అక్కా" అంది కీర్తన. "చోటొచ్చింది."

డిస్కులో దగ్గర దగ్గర సగం ఖాళీ అయింది. ఒక్క ఫోటో పోలేదు. ఆగిపోయిన కార్డును మొదటి నుంచి మళ్లీ ఎక్కించింది. ఆ తర్వాత జిప్ విప్పి, వెదురువంక ఫోటోలు తెరిచింది. అప్పటిదాకా వాటిని ఎవరూ చూడలేదు.

మొదటి ఫోటోలో ఒక అరచేయి. రెండో ఫోటోలో గడ్డం, కళ్లు, చెమట పట్టిన నుదురు. వాళ్ల నాయన. కొత్త కార్డు వేసి, కెమెరా పని చేస్తోందా అని దగ్గరికి వచ్చి చూస్తున్నాడు. కీర్తనకు నవ్వొచ్చింది. తర్వాతి ఫోటోల్లో ఆయన బాట పక్కన బండ మీద కూర్చుని ముఖం తుడుచుకున్నాడు. లేచాడు. తువ్వాలు బండ మీదే మర్చిపోయాడు. కర్ర పట్టుకుని బాట వెంబడి పోతున్నాడు. వీపు కనపడుతోంది. మలుపు దగ్గర వీపు కూడా మాయమైంది.

ఆ తర్వాతి ఫోటోలో బాట ఖాళీగా ఉంది. కొమ్మ ఊగి ఉంటుంది.

దాని తర్వాతి ఫోటోలో పెద్దపులి.

కీర్తన అరవలేదు. కుర్చీ వెనక్కి జరిపింది, అంతే. ఫోటో కింద టైము చూసింది. నాయన వీపు మలుపు దాటి ఒక గ్లాసు టీ తాగినంత సేపు కూడా కాలేదు. పులి ఆయన వచ్చిన వైపు నుంచే వచ్చింది. ఆయన నడిచిన బాట మధ్యలో, ఆయన అడుగుల మీదే నడుస్తోంది. తర్వాతి ఫోటోలో అది తల వంచి, ఆయన కూర్చున్న బండను వాసన చూస్తోంది. ఆ తర్వాతి ఫోటోలో తల ఎత్తి, ఆయన పోయిన మలుపు వైపు చూస్తోంది. పట్టపగలు, ఎండలో, దాని చారలు ఒక్కొక్కటీ గీసినట్టు కనపడుతున్నాయి.

ఆ తర్వాత గడ్డిలోంచి పిల్లలు వచ్చాయి. మూడు. ఒకటి తల్లి కాళ్ల మధ్య దూరింది. ఒకటి కెమెరా కట్టిన చెట్టు వైపు తేరిపార చూసింది. మూడోది బండ మీది తువ్వాలు కొస నోట కరుచుకుని లాగింది. ఆఖరి ఫోటోలో నలుగురూ బాట దిగి వెదుర్లలోకి పోతున్నారు. ముందు తల్లి. వెనక తువ్వాలు ఈడ్చుకుంటూ ఆ చిన్నది.

"మేడమ్" అని పిలిచింది. విష్ణుప్రియ వచ్చి చూసింది. చూసి, పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది. ఆ ఫోటోలను వాళ్లు ముందుకూ వెనక్కూ ఎన్నిసార్లు తిప్పారో.

"మీ నాయన వెనకాలే, మీ నాయన వెనకాలే" అని శివమ్మ నోటి మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది.

మర్నాడు విష్ణుప్రియ, కీర్తన జీపులో నంద్యాలకు పోయారు. క్యాంపుకు కబురు పెట్టి యెషయాను కూడా రమ్మన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆయన ఏదో తప్పు జరిగిందేమో అనుకుని, ఉతికిన చొక్కా వేసుకుని, బస్సులో వచ్చి ఆఫీసు బయట వేపచెట్టు కింద నిలబడి ఉన్నాడు.

"ఏంది పాపా, ఎందుకు పిలిచినారు? కెమెరా ఏమన్నా పగిలిందా?"

"లోపలికి రా నాయనా. చూద్దువు గానీ."

గోడ మీద పెద్ద తెర. శేషాద్రి సారు అప్పటికే ఫోటోలు వేసుకుని చూస్తున్నాడు. ఆయన పులి పక్క చారలను పాత ఫోటోలతో పోల్చి చూశాడు. మనిషి వేలిముద్రల్లాగే ఏ రెండు పులుల చారలూ ఒకటి కావు. పోల్చాక తన కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. ఈ తల్లి పిల్లగా ఉన్నప్పుడు దాని ఫోటో ఒకసారి పడిందని చెప్పాడు. శ్రీశైలం దగ్గర, సున్నిపెంట వైపు అడివిలో. ఆ తర్వాత ఏ కెమెరాకూ చిక్కలేదు. చచ్చిపోయిందనుకున్నారు. అది ఇన్ని కొండలు, వంకలు, రోడ్లు, రైలు పట్టాలు దాటుకుని, ఏ మనిషి కంటా పడకుండా ఇక్కడి దాకా వచ్చి, ఇక్కడ పిల్లల్ని పెట్టింది.

యెషయాను ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. ఒక్కో ఫోటో వేశారు. తన చెయ్యి, తన ముఖం, తన వీపు చూసి ఆయన సిగ్గుపడ్డాడు. పులి వచ్చింది. ఆయన లేచి నిలబడ్డాడు. ఎవరో పెద్దవాళ్లు గదిలోకి వచ్చినప్పుడు లేచినట్టు. బండను వాసన చూసిన ఫోటో, తల ఎత్తిన ఫోటో, పిల్లల ఫోటో, అన్నీ నిలబడే చూశాడు.

చివరి ఫోటో వచ్చాక ఆయన నోట మొదటి మాట, "అది నా తువ్వాలే."

ఎవరూ నవ్వలేదు. ఆయనే మళ్లీ అన్నాడు. "మర్నాడు పోయి వెతికినా సార్. కోతులు ఎత్తుకుపోయినాయి అనుకుంటి."

కీర్తన నాయన చెయ్యి పట్టుకుంది. శేషాద్రి సారు నీళ్లిచ్చాడు. తాగి, కొంచెం తెప్పరిల్లి, "సార్, ఒక మాట. ఆ పిల్లలు పెద్దయ్యేదాకా ఆ బాటలో మేము తిరగము. పైన గుట్ట మీదుగా పోతాము గస్తీకి. కొంచెం దూరమైతాది గానీ పోతాము" అన్నాడు. విష్ణుప్రియ అక్కడికక్కడే సరే అంది. ఆ బాట ఈ రోజుకీ మూసే ఉంది.

కీర్తన ఇప్పుడు వారం ఆఖర్లో ఒకసారి టెంపరరీ ఫైల్స్ తీసేస్తుంది. ముందు అన్నీ మూస్తుంది, రీస్టార్ట్ చేస్తుంది, దించుకున్నవాటిని వాటి చోటికి చేరుస్తుంది, రెండో చోట నకలు ఉందని చూసుకుంటుంది, ఒక్కో పేరు చదివి టిక్కు పెడుతుంది. వేరే రేంజి ఆఫీసుల వాళ్లు కూడా ఫోన్ చేసి అడుగుతారు. అడిగినవాళ్లకు ఓపిగ్గా చెప్తుంది. బటన్ నొక్కేముందు మాత్రం ఇప్పటికీ డౌన్‌లోడ్స్ దగ్గర టిక్కు లేదని వేలు పెట్టి చూసుకుంటుందంట.

నంద్యాల నుంచి వచ్చిన ఆదివారం, యెషయా చర్చికి పోయాడు. ఫోటో సంగతి ఆ సరికి ఊరంతా పాకింది. ఆట పట్టించేవాళ్లు కూడా ఆయన్ని చూసి పక్కకు జరిగి చోటిచ్చారు. ఆరాధన మధ్యలో పాస్టరు గారు, "యెషయన్నా, ఈ రోజు నువ్వు సాక్ష్యం చెప్పాల" అన్నాడు. దేవుడు తనకు చేసిన మేలును లేచి అందరికీ చెప్పడమే సాక్ష్యం. యెషయా ఎన్నడూ జనం ముందు నోరు తెరవని మనిషి. మెల్లగా లేచి, ముందుకు పోకుండా, వెనక వరసలోనే నిలబడ్డాడు. తలలన్నీ అటు తిరిగాయి. కీర్తన ఆడవాళ్ల వైపు కూర్చుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

చెప్పడేమో, కూర్చుండిపోతాడేమో అనుకున్నారు.

"నేను ముందు పోతాండా" అన్నాడు చివరికి. "అది పిల్లలతో నా వెనక వచ్చింది. నేను కూర్చున్న చోట నిలబడింది. నేను పోయిన దిక్కు చూసింది. మళ్లీ దాని దోవన అది పోయింది. నాకు ఇదేమీ తెలీదు. నేను ఆ పొద్దు క్యాంపుకు పోయి అన్నం వండుకున్నా."

అంత చెప్పి కూర్చున్నాడు.

సాక్ష్యం అయ్యాక పాట అందుకోవాల్సిన లూదియమ్మ పుస్తకం తెరిచి పట్టుకుని, పాడటం మర్చిపోయి, ఆయన వైపే చూస్తూ ఉండిపోయింది.